పైడమ్మకి వేసిన కుర్చీ

అనగనగా అనగానే రాజుగారు గుర్రమెక్కి వచ్చేస్తాడని కాచుక్కూచోకండర్రా. ఈ కథలో రాజు లేడు, పంచాయతీ ప్రెసిడెంటున్నాడు. గుర్రం లేదు, మోటారుసైకిలుంది. ఆయనదొక ఊరు. ఊరికీ అవతలి పేటకీ మధ్య ఒక గెడ్డ. గెడ్డంటే వాగేలే. ఎండాకాలం మేకపిల్ల గెంతి దాటేస్తుంది, శ్రావణం వచ్చిందంటే మనిషిని మింగేస్తుంది. ఊ కొడుతున్నారా? ఏయ్ చిన్నీ, తమ్ముడి ఊ కూడా నువ్వే కొట్టేస్తున్నావు, నాకు తెలుస్తోందిలే. నీ ఊ నువ్వు కొట్టు. వాడి ఊ వాడిది.

ఆ పేటలో సీతాలని ఒక కోడలు. మొగుడు ఇటుకబట్టీల పనికి దేశం పట్టిపోతే, అత్త పైడమ్మతోనూ ఏడేళ్ళ కూతురితోనూ ఉండేది. బడి ఊళ్ళో ఉంది. పైడమ్మే పొద్దున్న మనవరాల్ని చంకనెత్తుకుని గెడ్డ దాటించేది, సాయంత్రం మళ్ళీ దాటించి తెచ్చేది. గ్రామసభ పెట్టారని తెలిస్తే చాలు, వెళ్ళి గెడ్డ మీద చిన్న వంతెన వేయించండి బాబూ అని అడిగేది. చూద్దాంలే ముసలమ్మా అనేవారు. వచ్చేసేది. మళ్ళీ వెళ్ళేది, మళ్ళీ అడిగేది, మళ్ళీ చూద్దాంలే అనిపించుకుని వచ్చేసేది. అలా మూడేళ్ళు. పైడమ్మ వచ్చిందని గానీ, వంతెన అడిగిందని గానీ పంచాయతీ పుస్తకంలో ఒక్కసారీ ఎక్కలేదు.

నాలుగో ఏడు శ్రావణంలో, పిల్లని బళ్ళో దింపి వస్తూ వస్తూ, పైడమ్మ గెడ్డలో పోయింది.

ఉండండి, కాస్త మంచినీళ్ళు తాగనివ్వండి.

పంచాయతీ బంట్రోతు గురువులు నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలో దిగాడు. రెండు మైళ్ళ దిగువన దొరికితే భుజానేసుకుని తెచ్చాడు. సీతాలు కూతురికి బడి మానిపించేసింది. అత్తని మింగిన నీళ్ళలోకి పిల్లని ఎలా పంపుతుంది చెప్పు? పిల్లేమో రోజూ పలక పట్టుకుని గట్టున కూచుని అవతలి బడికేసి చూసేది. వంతెన పడితేనే పిల్లకి చదువు, లేకపోతే లేదు. అంతే.

ఆ ఏడే పంచాయతీకి డబ్బొచ్చింది. ఒక్క పనికి సరిపోతుంది, రెండో దానికి చాలదు. ప్రెసిడెంటు జోగినాయుడికి ఊరి మొగలో వాళ్ళ నాన్న పేరు మీద సిమెంటు ఆర్చి కట్టించాలని. చెడ్డవాడు కాదర్రా, తండ్రంటే ప్రాణం. కానీ ఆర్చి కింద నుంచి వెళ్ళకపోతే ఎవరైనా చచ్చిపోతారా, నాకు తెలీక అడుగుతాను!

ఆ ఊళ్ళో ఒక పద్ధతుండేది. సభ సోమవారమైతే, పుస్తకం ఆదివారమే నిండిపోయేది. కార్యదర్శి పాత ఓటర్ల జాబితా చూసి చేతికొచ్చిన పేర్లు రాసేసేవాడు. దొరికినవాళ్ళ చేత వేలిముద్ర వేయించేవారు, దొరకనివాళ్ళకి గురువులే తన బొటనవేలు నొక్కేసేవాడు. పేటలో అయితే చాటింపు కూడా వేసేవారు కాదు. సీతాలే గురువుల్ని అడిగి రోజు కనుక్కుని, పదకొండు మంది ఆడవాళ్ళని వెంటబెట్టుకుని, మోకాళ్ళ దాకా తడుస్తూ గెడ్డ దాటి వెళ్ళింది. ఊ అనండి!

కార్యదర్శి గబగబా చదివేశాడు. సభకి వచ్చిన నూట పన్నెండు మందీ ఆర్చికే ఒప్పుకున్నారన్నాడు. సీతాలు చుట్టూ చూసింది. పంచాయతీ అరుగు మీద ముప్పై తలకాయలు లేవు. లేచి నిలబడింది. "నాయుడు బాబూ, ఆ పేర్లు కూడా చదివించండి, వింటాం," అంది. ప్రెసిడెంటు విసుక్కున్నాడు. పేటవాళ్ళంతా చదవమంటే చదవమన్నారు. సరే కానీయవయ్యా అన్నాడు.

చదివాడు. ఎర్రయ్య వచ్చాడు, ఒప్పుకున్నాడు. గవరమ్మ వచ్చింది, ఒప్పుకుంది. సూరిగాడు వచ్చాడు, ఒప్పుకున్నాడు. బట్టీకి పోయిన సీతాలు మొగుడు కూడా వచ్చాడట, ఒప్పుకున్నాడట! జనం నవ్వారు. ఆ ఊపులోనే కార్యదర్శి చదివేశాడు, పైడమ్మ వచ్చింది, ఒప్పుకుంది.

నవ్వు ఆగిపోయింది.

సీతాలు ఏడవలేదు, తిట్టలేదు. ఆఫీసులోకి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి అందరి ముందూ వేసింది. కొంగుతో తుడిచింది. "కూచో అత్తా. బతికుండగా మూడేళ్ళు నిలబెట్టే పంపించేశారు. ఇవాళ వచ్చావని రాశారు, కూచో," అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, ఆర్చికి నువ్వు ఒప్పుకున్నావా అత్తా అని. అడిగి, జవాబు కోసం నిలబడింది. ఆ కుర్చీకేసి చూడ్డానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

అప్పుడు వెనక నుంచి గురువులు భోరుమన్నాడు. ఆ వేలు నాదేనమ్మా, నాకు చదువు రాదు, ఎవరి పేరు పక్కన నొక్కుతున్నానో నాకు తెలీదు, ఈ చేతులతోనే కదమ్మా ఆవిణ్ణి మోసుకొచ్చాను, అని బొటనవేలు గుప్పిట్లో దాచుకుని కూలబడిపోయాడు.

జోగినాయుడు ఆ ఖాళీ కుర్చీ ఎదురుగా కూచుని ఉండలేకపోయాడు, లేచి నిలబడ్డాడు. మా నాన్న పేరు నిలబెట్టాలని చచ్చిపోయిన పైడమ్మ తల్లి చేత అబద్ధం ఆడించాను అన్నాడు. పుస్తకంలో ఆ పేజీ కొట్టేయించాడు. పేటలో కూడా చాటింపు వేయించి మళ్ళీ సభ పెట్టించాడు. ఈసారి పేరు పిలిస్తే ఎవరికి వాళ్ళే లేచి, వంతెనకి ఊ అన్నారు. వైశాఖం వెళ్ళేలోగా వంతెన పడింది. సీతాలు కూతురు తడవని కాళ్ళతో బడికి పోయింది. పేటంతా పండగ చేసుకుంది. సీతాలు మాత్రం వంతెన మధ్యలో నిలబడి, అప్పుడు ఏడ్చింది, కరువుతీరా.

ఇప్పటికీ ఆ ఊళ్ళో సభంటే ముందు ఒక ఖాళీ కుర్చీ వేస్తారు. మొదట పైడమ్మ పేరే పిలుస్తారు. ఎవరూ పలకరు. కాసేపు ఆగి, అప్పుడు బతికున్నవాళ్ళ పేర్లు మొదలుపెడతారు. అందుకేనర్రా, ఒకళ్ళ ఊ ఇంకొకళ్ళు కొట్టకూడదు. చిన్నీ, వింటున్నావా?

ఊ.

అదీ, నీ ఊ. కథ వంతెన దాటి కంచి దారి పట్టింది. మనం దుప్పట్లో దూరదాం. తమ్ముడికి కూడా కప్పు.