నగారా నేర్పిన వణుకు

అనగనగనగా కొండమీద ఒక కోట, కోట కింద ఒక ఊరు, ఊరిని ఆనుకుని ఒక ఏరు. ఏలేవాడు ప్రచండవర్మ.

ఆయనగారికి ఒక అలవాటు. భటులు ఎవరినైనా పట్టుకుపోవడానికి ఊళ్లోకి దిగేముందు కోట బురుజు మీద నగారా మోగించేవాడు. మొదట్లో జనం భటులను చూసి వణికేవారు. పోనుపోను భటులు రాకపోయినా, నగారా వినబడితే చాలు, వణికేవారు. తలుపులు పడేవి, పొయ్యిలు ఆరేవి, ఉయ్యాల్లో పసివాడు కూడా ఏడుపు మింగేవాడు. ప్రజలకు తనంటే ఎంత భయభక్తులో అని రాజు మురిసిపోయేవాడు. మురవడానికేం, ఆయన ఉండేది కొండమీద కదా.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఏటి గట్టుకు గండి పడింది. రాజుగారి ఒక్కగానొక్క కూతురు కువలయ ఆ పూట కింద ఊళ్లో దాది పోలమ్మ ఇంట్లో ఉంది. రాజు బురుజు దగ్గరికి పరుగెత్తాడు. అందరూ కొండెక్కాలని నగారా మోగించమన్నాడు.

నగారా మోగింది. ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి.

ఇంకా గట్టిగా కొట్టమన్నాడు. జనం పిల్లాపాపలతో ధాన్యం దాచుకునే పాతరల్లోకి దిగి మూతలు లాక్కున్నారు. వరదొస్తే ముందు నిండేవి ఆ గోతులే.

రాజు చెప్పులైనా తొడుక్కోకుండా కిందికి పరుగెత్తి, గొంతు చించుకుని కూతుర్ని పిలిచాడు. పాతర చీకట్లో ఆ పిల్ల "నాన్నా" అనబోయింది. పోలమ్మ చెయ్యి దానంతటదే లేచి పిల్ల నోరు మూసేసింది. ఆ చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

నీళ్లు వీధి మొదటికి వచ్చాయి.

అప్పుడు కోట వంటమనిషి సూరమ్మ పళ్లెం, గరిటె పట్టుకుని రాజు వెనకే దిగి వచ్చింది. కిందటేటి కరువులో రోజూ కొండమీద అంబలి కాచి, ఇత్తడి పళ్లెం మోగించి ఊరిని పిలిచింది ఆమే.

"ఆ నగారా ఆపించండి ప్రభూ. వాళ్ల చెవులకు మీరు నేర్పింది అది. నేను నేర్పింది వేరే ఉంది" అని పళ్లెం మీద గరిటెతో కొట్టింది.

పాతరల్లో పిల్లల నోళ్లలో నీళ్లూరాయి. ఆ చప్పుడంటే వాళ్లకు వేడి అంబలే. మూతలు తోసుకుని పైకొచ్చారు. వాళ్లను పట్టుకోవడానికి తల్లులు, తల్లుల వెనక తక్కినవాళ్లు. సూరమ్మ పళ్లెం కొడుతూ కొండెక్కింది, ఊరంతా ఆమె వెంట ఎక్కింది. వెనక పాతరలు ఒక్కొక్కటే బుడబుడమంటూ నిండాయి.

కోట వాకిట్లో రాజు చేతులు చాచాడు. కువలయ ఆయన వైపు నడిచింది. అంతలో బురుజు మీదివాడి చేతిలో కర్ర జారి నగారా మీద పడింది. ఆ పిల్ల గిరుక్కున తిరిగి సూరమ్మ కొంగులో దూరి వణికిపోయింది. ఒక్క పూటలోనే నేర్చేసుకుంది.

రాజు ఆనాడే నగారా తోలు చీల్పించాడు. అయినా ఉరుము ఉరిమితే ఆ ఊళ్లో తలుపులు చాలాకాలం పడుతూనే ఉన్నాయి.

భయపెట్టి లొంగదీసిన చెవికి, కాపాడే పిలుపు కూడా భయంగానే వినిపిస్తుంది.