రాజుగారి వేలికి కుదిరిన మీట

పూర్వం భద్రభూపతి అనే భారీ మనిషి రాజ్యం చేసేవాడు. ఆయన మంచం పక్కన వడ్రంగి అయ్యలయ్య మీటల పలకొకటి బిగించాడు. ఒక మీట నొక్కితే నీళ్లవాడి గంట, పక్కది నొక్కితే మంగలి గంట మోగాలి. రాజుగారి లావు వేలు మాత్రం ఎప్పుడూ పక్కమీట మీదే పడేది. పాపం, దాహమేసి నొక్కితే మంగలి కత్తి నూరుకుంటూ వచ్చాడు.

"వడ్రంగిని దేశం నుంచి వెళ్లగొట్టండి!" అన్నాడు రాజు.

"ప్రభువుల వేలు తప్పుతుందా? పలకదే తప్పు," అని మంత్రి వంత పాడాడు.

అయ్యలయ్య భార్య కోటమ్మ దేవుణ్ణి తలుచుకుని ముందుకొచ్చింది. "ప్రభూ, ఒక్కసారి మంత్రిగారిని నొక్కమనండి."

మంత్రి సన్నటి వేలితో నొక్కాడు. ఏ గంటకా గంట చక్కగా మోగింది.

"చూశారా, పలక మాట వింటోంది. కాకపోతే మంత్రిగారి మాట. కొలతకి మా ఆయన తమ వేలు అడిగితే, రాజుగారి చెయ్యి ముట్టుకుంటావా అని కసిరి, మంత్రిగారు తన వేలే ఇచ్చారు."

మంత్రి వేలు ఉత్తరీయంలో దాచుకున్నాడు. కోటమ్మ పలక నిండా తడిపసుపు మెత్తింది.

"కళ్లు మూసుకుని నొక్కండి, బాబూ. తమ వేలు ఎక్కడ పడితే మీట అక్కడికే వస్తుంది."

రాజు పసుపులో వేలు గుచ్చాడు. "నీ మొగుణ్ణి ఉలి తీసుకు రమ్మను. ముందు ఇక్కడ మంగలి మీట పెట్టాలి. మంత్రిగారికి గుండు చేయించాలి."