వదిలిన రాయికి దణ్ణం

అనగా అనగా, వానదేవుడు అలిగి మొహం చాటేసిన కాలంలో, గీతలబండ అని ఒక పల్లె. ఊఁ కొడుతూ వినండి. మీరు ఊఁ కొట్టకపోతే నాకంటే ముందు కథే నిద్రపోతుంది.

ఆ ఊరి మొదట్లో ఒక నల్లటి పెద్ద బండ. ఆ బండ మీద ఏ కాలంలోనో ఎవరో పులిజూదం గీతలు చెక్కారు. ఊరికి ఆ పేరే నిలిచిపోయింది. ఆట తెలియనివాళ్లుంటే చెబుతాను, సిగ్గుపడకండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు పెద్దరాళ్లు, మేకలకు చిన్నరాళ్లు. పులి మేక మీదుగా అవతలి గడికి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కూడి పులులు కదలకుండా కట్టేస్తే పులులు ఓడినట్టు. అంతే. గీతలబండలో సరిగ్గా మాటలు రాని పిల్లలకు కూడా ఏది పులో ఏది మేకో తెలుసు.

ఆ బండ పక్కన ఉలవగుగ్గిళ్ల గంప పెట్టుకుని కూర్చునేది ఈరక్క. సన్నటి మనిషి. పెద్ద గొంతు. చేతిలో గుగ్గిళ్లు పోస్తూ ఒక కన్ను ఆట మీద వేసి ఉంచేది. ఆమె మొగుడు ఓబులు రాళ్లు కొట్టేవాడు. సమ్మెట పడితే బండ పగలాల్సిందే. కానీ పులిజూదానికి కూర్చుంటే మాత్రం ఓడాల్సిందే. ఎందుకంటే ఓబులుకు ఒక గుణం ఉంది. పులి తన మేకను తిన్నదంటే ఒళ్లు మండిపోయేది. తొడ చరిచి, పోయిన చోటే ఇంకో మేకను పెట్టేవాడు. పులి వెనక్కి దూకి దాన్నీ తినేది. మళ్లీ అక్కడే ఇంకోటి.

"పోయిన మేక పోయింది. ఉండే మేకల్ని సూసుకో అయ్యా!" అని అరిచేది ఈరక్క.

"నువ్వు నీ గుగ్గిళ్లు సూసుకోమే!" అని నవ్వేవాడు ఓబులు. ఓడిపోయేవాడు. ఓడిపోయి, పెళ్లాం దగ్గరే గుప్పెడు గుగ్గిళ్లు తీసుకుని తింటూ ఇంటికి పోయేవాడు. ఆమె తిట్టేది, అతను నవ్వేవాడు. అట్లా సుఖంగానే ఉన్నారు.

అప్పుడొచ్చింది కరువు.

మొదటి ఏడు వాన పడలేదు. ఊరి పెద్దకాపు చౌడప్ప అందరినీ బండ దగ్గరికి పిలిచాడు. చౌడప్ప మంచివాడు. పక్కింట్లో పొయ్యి వెలగలేదని తెలిస్తే తన సంగటి ముద్ద సగం చేసి పంపే మనిషి. "బావి తవ్వుకుందాం. అందరం తవ్వుదాం. తవ్వేవాళ్ల కూటికి ఊరి పాతర తెరుద్దాం" అన్నాడు. పాతర అంటే భూమిలో గొయ్యి తీసి ధాన్యం దాచుకునేది. ఊరికి మూడు పాతరలున్నాయి. రెండు తిండికి, మూడోది విత్తనాలకు. అందరూ సరేనన్నారు. మొదటి పాతర తెరిచారు. ఎర్రమన్ను తవ్వారు. నీళ్లు పడలేదు.

రెండో ఏడూ వాన పడలేదు. రెండో పాతర తెరిచారు. గులకరాళ్లు కలిసిన మొరుసు మన్ను తవ్వారు. నీళ్లు పడలేదు. చాలిద్దామా అని ఎవరో గొణిగితే, నలుగురు ఒక్కసారిగా అన్నారు: "ఇంత తవ్వినాక ఇడిసిపెడితే ఎట్ల?" మునిగినవాడికి మూరెడైతేనేం బారెడైతేనేం అని ముందుకే పోయారు.

మొరుసు కింద నల్లబండ తగిలింది. అప్పుడు ఓబులు దిగాడు. రోజూ కొట్టాడు. కొట్టిన రాళ్లు గంపకెత్తితే పైనుంచి మోకుతో లాగేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఆ మోకు తెగింది. రాళ్ల గంప వచ్చి ఓబులు మీద పడింది.

పైకి తెచ్చి పడుకోబెట్టారు. ఊరంతా చేరింది. ఈరక్క ఏడవడం కూడా మరిచిపోయి అతని కాళ్లకంటిన రాతిపొడి తుడుస్తూ కూర్చుంది. చౌడప్ప వచ్చి ఓబులు గుండె మీద చెయ్యిపెట్టి, అందరూ వింటుండగా ఒట్టేశాడు. "ఓబులూ, నీ సావు వట్టిగా పోనీను. నీళ్లు పడేదాకా ఈ బావి ఇడిసేది లేదు."

ఆ మాటకు ఈరక్కకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆ మాట ఆమెకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. తన మొగుణ్ని ఊరు మరిచిపోదు కదా అనుకుంది. అబద్ధమెందుకు, ఎవరైనా అదే అనుకుంటారు.

పన్నెండో రోజు పెద్దకర్మ అయింది. పదమూడో రోజు పొద్దున ఆమె ఒక్కగానొక్క కొడుకు సుంకన్న తండ్రి సమ్మెట భుజాన వేసుకుని బావిలోకి దిగాడు.

మూడో ఏడు వచ్చింది. తొలకరి దగ్గర పడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. తవ్వేవాళ్లకు కూడు లేదు. మిగిలింది మూడో పాతర. విత్తనాల పాతర. అది తెరిచి తినేస్తే, రేపు వాన పడినా చల్లడానికి గింజ ఉండదు. అది అందరికీ తెలుసు. తెలిసి కూడా ఏమన్నారు?

"ఇంత తవ్వినాక ఇడిసిపెడితే ఎట్ల? ఓబులు పానమిచ్చిన బావి గదా!"

ఈరక్క కుండ అడుగున మిగిలిన ఉలవలతో చేసిన గుప్పెడు గుగ్గిళ్లు తీసుకుని బావి గట్టుకు పోయింది. కొడుకు లోపల కొడుతున్నాడు. ఆమె మోకు చూసింది. తెగిన మోకే. దానికి మూడు చోట్ల ముళ్లేసి వాడుతున్నారు. కొత్తది పేనడానికి ఊళ్లో నార ఎక్కడుంది? ఆమె చెయ్యి ఆ ముడి మీద పడింది. ఆ చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

కొడుకు పైకి వచ్చాక అడిగింది. "నాయనా సుంకన్నా, ఇంగ సాలు. దిగొద్దు."

"ఎట్ల మా? నాయన పానం పెట్టినాడు ఈడ. నేను ఇడిసిపెడితే నాయన సావుకు అర్థమేముంది?" అన్నాడు. గుగ్గిళ్లు తినేసి మళ్లీ దిగాడు.

ఆమె చౌడప్ప దగ్గరికి పోయింది. ఆయన పాతర దగ్గర నిలబడి ఉన్నాడు. మూత రాయి మీద చెయ్యేసి ఉన్నాడు కానీ తియ్యడానికి చెయ్యి రావడం లేదు. "పెద్దకాపూ, ఆ రాయి తియ్యొద్దు. బావి ఆపు" అంది.

"ఈరక్కా, నువ్వేనా ఈ మాట అనేది? నీ మొగుని గుండె మీద ఒట్టేసినా. మాట తప్పితే నాకు పుట్టగతులుంటాయా? రేపు పొద్దున తెరుస్తాం" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. చెడ్డవాడైతే తిట్టిపోసి రావచ్చు. మంచివాణ్ని ఏం చేస్తాం?

కొడుకును అడిగింది, కాలేదు. పెద్దకాపును అడిగింది, కాలేదు. ఇక అడగడానికి ఎవరున్నారు? ఎవరూ లేరు. తెల్లవారి ఎప్పటిలా బండ దగ్గరికి వచ్చి గంప దించింది.

పాతర తెరిచే ముందు ఊరంతా ఆ బండ దగ్గరికే చేరింది. సుంకన్న, తోటి మనుషులు గడ్డపారలతో నిలబడ్డారు. చౌడప్ప వచ్చాడు. ఈరక్క లేచి, పులుల వైపు కూర్చుంది. ఆ బండ మీద అంతకుముందు ఏ ఆడమనిషీ ఆటకు కూర్చోలేదు.

"ఏమ్మే, గుగ్గిళ్లకు బేరం లేదని జూదానికి దిగితివా?" అని ఎవరో నవ్వారు.

"పెద్దకాపూ, ఒక్క ఆట. ఓబులు పేరు మీద అడుగుతాండా. మేకలు నీవి" అంది.

మొగుడు పోయిన ఆడమనిషి, మతి చెదిరిందేమో అనుకున్నాడు చౌడప్ప. జాలితో కూర్చున్నాడు. ఒక మేకను పెట్టాడు. ఇంకో మేకను పెట్టాడు. మూడో మేకను చూసుకోకుండా పులి పక్కనే పెట్టాడు. ఈరక్క పులి దూకి దాన్ని తినేసింది. చచ్చిన రాయిని ఆమె ఒళ్లో వేసుకుంది.

"పెట్టు పెద్దకాపూ. ఆ గడిలోనే ఇంగో మేకను పెట్టు."

"పిచ్చా నీకు? ఆడ పెడితే దాన్నీ తింటాది."

"తింటే తిననీ. ఆడ ఒక మేక సచ్చింది గదా. దాని సావు వట్టిగా పోనిస్తావా?"

చౌడప్ప చేతిలో మేకరాయి చేతిలోనే ఉంది. ఎవరూ నవ్వలేదు. ఓబులు ఎట్లా ఓడిపోయేవాడో అక్కడున్న అందరికీ తెలుసు.

ఈరక్క ఒళ్లోంచి చచ్చిన రాయి తీసింది. గీతల బయట, బండ అంచున పెట్టింది. "ఇదో, ఈడుండాడు నా ఓబులు. మంచోడు. నాకు వానిమీద శానా ప్రేమ. కానీ పోయినాడు పెద్దకాపూ. నువ్వు బావి తవ్వినా పోయినాడు, తవ్వకపోయినా పోయినాడు. నా కొడుకును దింపితే వాడు లేచి రాడు. విత్తనాలు తినేస్తే వాడు లేచి రాడు."

"నేను మాటిచ్చినా గదా ఈరక్కా..." అన్నాడు చౌడప్ప.

"సచ్చినోనికి మాటిచ్చినావు. బతికుండే మాకేమిస్తావు? వాని తరపున నేనుండా. నీ మాట నీకు తిరిగిచ్చేస్తాండా, తీసుకో."

ఆ రాయికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పెట్టి, అప్పుడు భోరున ఏడ్చింది. చౌడప్ప కూడా లేచి తలపాగా తీసి ఆ రాయికి దణ్ణం పెట్టాడు. "గడ్డపారలు ఇండ్లకు తీసుకుపోండి" అన్నాడు. మూడో పాతర మూత కదలలేదు. బావి ఆగిపోయింది.

ఇక్కడితో అందరూ ఈరక్కను ఎత్తుకుని ఊరేగించారని చెబితే మీకు బాగుంటుంది. అట్లా జరగలేదు. మొగుని పేరు మన్నులో కలిపిందని నలుగురు ఆడవాళ్లు ఆమె ముందే అన్నారు. ఆకలితో ఉండి కూడా ఎవరూ కొనక, ఉన్న నాలుగు గుగ్గిళ్లూ గంపలోనే ఉండిపోయేవి. అన్నిటికంటే పెద్ద బాధ, కొడుకు మాట్లాడటం మానేశాడు. "నాయన మీద ఇంగోసారి మన్నేసినావు" అన్నాడు. అదే చివరి మాట. ఆమె గిన్నెలో గుగ్గిళ్లు పెట్టి వాకిట్లో ఉంచేది. అవి అట్లాగే ఉండేవి. ఆమె ఏమీ అనకుండా తీసి లోపల పెట్టేది.

ఆకులూ దుంపలూ వెతుక్కుని తిని, కడుపు కట్టుకుని ఊరు బతికింది. విత్తనాల జోలికి పోలేదు. తొలకరి పోయింది. ఇంకో కార్తె పోయింది. ఇక లేదనుకున్నాక, ఒక సాయంత్రం వాన పడింది. పెద్ద వానేం కాదు, కొర్రలు చల్లుకునేంత. మూడో పాతర అప్పుడు తెరిచారు. చుట్టుపక్కల ఊళ్లలో చేలు తడిసి కూడా బీళ్లుగా ఉండిపోయాయి, చల్లడానికి గింజ లేక. గీతలబండ చేలు మాత్రం పచ్చబడ్డాయి.

కొర్ర కంకి పట్టిన రోజు, సుంకన్న మొదటి కంకి తెంపుకుని తల్లి దగ్గరికి వచ్చాడు. గంప పక్కన చతికిలబడ్డాడు. కంకిని ఆమె ముందు పెట్టాడు.

"మా, ఆకలేస్తాంది. గుగ్గిళ్లుండాయా?"

ఈరక్క దోసెడు నింపి పోసింది. ఆ రోజు ఎవరికీ కొలిచి పొయ్యలేదంట ఆమె.

తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆటకు వచ్చిన ముసలివాళ్లు ఉండి ఉండి అడిగేవాళ్లు. "ఈరక్కా, ఇంగొక మూరెడు తవ్వింటే నీళ్లు పడిండేవేమో గదా?"

"పడిండొచ్చు" అనేది ఆమె.

"మరి తప్పు సేసినామేమో?"

"సేసిండొచ్చు. ఇడిసిన దాంట్లో ఏముందో ఎవురికి తెలుసు నాయనా? తెలీదు గనకనే దానికి దణ్ణం పెట్టుకునేది. పెట్టుకోని, మన పని సూసుకునేది." పొద్దుగుంకేటప్పుడు ఇంటికి పోతూ ఆ సగం బావి దగ్గర ఆగి ఆమె రోజూ చేతులెత్తేది. ఒక్క రోజు కూడా మానలేదు.

ఆమె పోయిన మూడో రోజు, సుంకన్న బండ దగ్గరికి వచ్చాడు. తల్లి పేరున ఒక చిన్న రాయి తెచ్చి, తండ్రి రాయిని ఆమె పెట్టిన చోటే, గీతల బయట పెట్టి దణ్ణం పెట్టాడు. పెట్టి, సమ్మెట తీసుకుని పనికి పోయాడు. చూసినవాళ్లు అదే నేర్చుకున్నారు.

ఇప్పటికీ గీతలబండలో రెండు ఎడ్లు చూసి ఒకదాన్ని కొనేవాళ్లు, రెండు పంటల్లో ఒకటి వేసేవాళ్లు, రెండు దారుల్లో ఒకటి పట్టేవాళ్లు ముందు ఆ బండ దగ్గరికి పోతారు. వదులుకునేదాని పేరు పైకి చెప్పి, ఒక రాయి గీతల బయట పెట్టి, చేతులెత్తుతారు. పేరు చెప్పలేకపోతే, ఇంకా ఆలోచించుకో పో అని పెద్దవాళ్లు వెనక్కి పంపుతారు. ఆ రాళ్లను ఈరక్క రాళ్లంటారు. ఎవరూ తియ్యరు.

ఇక పిల్లలు ఆడేటప్పుడు ఎవడైనా మేక పోయిన ఉక్రోషంతో అదే గడిలో ఇంకో మేకను పెట్టబోతే, చుట్టూ ఉన్నవాళ్లంతా అరుస్తారు: "ఒరేయ్, ఈరక్క సూస్తాంది!" వాడు నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఉన్న మేకల్ని చూసుకుంటాడు.

కథ కంచికి దారి పట్టింది. ఆ సగం బావి మాత్రం అక్కడే ఉంది. అందులో నీళ్లున్నాయో లేవో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.