దివానుగారి నీడ

"పొద్దుగూకేలోగా కొండంతా బోడి కావాలి!" అని చెట్టు నీడన కూర్చుని హుకుం వేశారు దివానుగారు. కింద పిల్లమొక్క లేచిన ముసలి చెట్టునే కొట్టడం కట్టెలవాళ్ళ ఆనవాయితీ. ఆ హుకుం వాళ్ళ పెద్ద ఈరప్పకు మింగుడుపడలేదు. అయినా గొడ్డలి పట్టుకుని తిన్నగా దివాను కూర్చున్న చెట్టు దగ్గరికే వచ్చాడు.

"ఇది కాదురా, ఆ పక్కది కొట్టు!"

"కాసేపాగితే తమకు ఆ నీడే కావాలి దొరా."

అన్నట్టే అయింది. ఎండ తిరిగేకొద్దీ దివాను ఉస్సూరుమంటూ చెట్టు మారడం, ఈరప్ప గొడ్డలితో వెంటపడటం, "దీన్నీ వదిలెయ్!" అని ఆయన గదమడం. సాయంత్రానికి అలా వదిలేసినవి ఏడు చెట్లయ్యాయి.

"ఒక్క పూటకు తమరొక్కరికే ఏడు కావలసొచ్చాయి దొరా. కొండ కింద నలభై ఊళ్ళున్నాయి. ఇప్పుడు చెప్పండి, ఏది కొట్టమంటారు?"

దివాను లేచారు. నడుం వంచి, పిల్లమొక్క ఏ చెట్టు కింద లేచిందా అని వెతకసాగారు.