పైడమ్మ కంట్లో బిళ్ళ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది, బంగారూ. ఎండుచేపలు అమ్మి, తండ్రి లేని కూతురు రత్నాన్ని పెంచింది.

చిన్నప్పుడే దెబ్బ తగిలి పైడమ్మకి కుడికన్ను పోయింది. ఎడమకన్నే దిక్కు. దానికీ జబ్బొచ్చింది. మొదట పొద్దుగూకితే దారి కనిపించేది కాదు. ఆ తర్వాత పక్కనున్న మనుషులు కనిపించలేదు. ఆ తర్వాత అన్నీ పోయాయి. ఎండలో నిలబడితే కాస్త వెలుతురు తెలిసేది, అంతే.

అప్పుడు రత్నం అమ్మని పట్నం తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చూసింది.

"కంటి వెనకపొర పాడైపోయిందమ్మా. అక్కడ బియ్యపు గింజ కన్నా చిన్న బిళ్ళ పెడతాం. కళ్ళజోడులో కెమెరా ఉంటుంది. అది చూసింది బిళ్ళకి చెబుతుంది, బిళ్ళ మెదడుకి చెబుతుంది. మొహాలు మాత్రం కనబడవు. వెలుగూ నీడా తెలుస్తాయి. కుదరకపోతే, ఇప్పుడున్న వెలుతురూ పోవచ్చు."

రత్నం అమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దే అమ్మా. ఉన్నదీ పోతే?"

"నా చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఎన్నాళ్ళని పని మానేస్తావే? పెట్టమను," అంది పైడమ్మ.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. పైడమ్మ మొహం ఎండకేసి తిప్పింది. చీకటి. ఆ కాస్త వెలుతురూ లేదు. కూతురికి చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊఁ కొట్టు బంగారూ, ఇంకా ఉంది.

నెల తర్వాత కళ్ళజోడు పెట్టి బిళ్ళని పనిచేయించారు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి మిణుగురుల్లా చుక్కలు మెరిసి, ఆరిపోయాయి. డాక్టరమ్మకీ చెమట పట్టింది. "ఇంకొక్కసారి చూద్దామమ్మా."

మూడోసారి చుక్కలొచ్చాయి. ఆరలేదు. ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఎదురుగా తెల్లగా, నిలువుగా ఏదో నిలిచింది. కిటికీ! దాని ముందు నల్లగా ఒక ఆకారం.

పైడమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. ఆ నలుపు కదులుతోంది. భుజాల దగ్గర ఎగిరెగిరి పడుతోంది.

"ఓసి రత్నం," అంది మెల్లగా, "చప్పుడు చెయ్యకుండా ఏడిస్తే నాకు తెలీదనుకున్నావా?"

అదీ సంగతి బంగారూ. కథేమో కంచికి, కునుకేమో కంటికి!