తవుడుకు అమ్మిన రేకమ్మ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పేరు మాత్రం అడక్కు తల్లీ. ఈ కథ నాకు రైల్లో ఎదురుగా కూర్చున్న ఒకావిడ చెప్పింది. సగం విన్నాను, సగం కునికాను. సముద్రం ఒడ్డున అందో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అందో నిలకడగా గుర్తు లేదు. ఇందులో ఆవిడ చెప్పింది ఎంత, నా కునుకు కల్పించింది ఎంత అన్నది ఇప్పుడు విడదీయలేను. గుర్తున్నంత వరకు చెబుతాను, నువ్వు ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో చేపల కోసం ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అందులో తవిటమ్మ అనే ఆవిడ పనిచేసేది. ఐసు దిమ్మలను మర ముందుకు తోయడం, పొడి అయిన ఐసును పెట్టెల్లోకి ఎత్తడం ఆమె పని. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఎప్పుడు పట్టుకున్నా చల్లగా ఉండే రెండు చేతులు తప్ప ఆమెకు తనవంటూ చెప్పుకునేవి లేవు.

ఆ ఊరి బడిలో ఒక సైన్సు టీచరమ్మ ఉండేది. ఆవిడ గాజు తొట్టిలో ఒక వింత ప్రాణిని పెంచేది. ఒక ఏడు ఆవిడకు ఎండలు మండిపోయే ఊరికి బదిలీ అయింది. ఆ ప్రాణికేమో చల్లటి నీళ్ళు లేకపోతే ప్రాణం నిలవదు. అప్పుడు టీచరమ్మ తవిటమ్మను వెతుక్కుంటూ వచ్చి, "ఈ ఊళ్ళో చల్లదనమంతా నీ దగ్గరే ఉంది. దీన్ని ఇంకెవరికీ ఇవ్వలేను" అని తొట్టి ఆమె చేతుల్లో పెట్టింది.

దాన్ని యాక్సలాటల్ అంటారట. తవిటమ్మకు నోరు తిరగలేదు. జానెడు పొడవు, నాలుగు కాళ్ళు, పొడుగాటి తోక. మెడకు ఇటు మూడు, అటు మూడు, ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు. ఒళ్ళంతా మొగలిరేకు రంగు. అందుకని తవిటమ్మ దానికి రేకమ్మ అని పేరు పెట్టుకుంది.

రేకమ్మ కళ్ళకు రెప్పలు లేవు. నోరు ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండేది. ఎన్నేళ్ళు వచ్చినా పెద్దది కాకుండా పిల్లగానే ఉండిపోయే జాతి అది. తవిటమ్మ పనినుంచి వచ్చి తొట్టి పక్కన కూర్చుంటే, రేకమ్మ గాజు దగ్గరకు వచ్చి రెప్ప వేయకుండా ఆమెనే చూసేది. తవిటమ్మ ఆ రోజు ఏ పడవకు ఎంత చేప పడిందో, ఎవరు ఎవరితో తగువు పడ్డారో అంతా చెప్పేది. మనిషికి కావలసింది జవాబు కాదు, వినే ముఖం అని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. ఫ్యాక్టరీలో మోటారు కాలిపోయింది. ఒకరోజు ఐసు లేదు. రెండో రోజు లేదు. మూడో రోజు తొట్టిలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి.

అప్పుడు రేకమ్మకు జబ్బు చేసింది. మొప్పల ఎరుపు పోయి, అవి ముందుకు ముడుచుకున్నాయి. మెడ మీద తెల్లటి దూది లాంటి బూజు పట్టింది. వానపామును నోటి దగ్గర పెట్టినా అందుకోలేదు. పక్కకు ఒరిగి నీటి మీద తేలింది. ముఖం మీద నవ్వు మాత్రం అలాగే ఉంది. చావబోతూ కూడా నవ్వే ముఖాన్ని తవిటమ్మ అంతకు ముందు చూడలేదు.

తొట్టి నెత్తిన పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకు పోయింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఏటమ్మా, నా సర్వీసంతా గేదెలూ, మేకలే. దీన్ని పుస్తకంలో చూడ్డమే గాని ఎదురుగా చూడ్డం ఇదే మొదలు" అన్నాడు.

"పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే చూసి చెప్పండి బాబూ. నేను కూర్చుంటాను."

ఆయన నిజంగానే పుస్తకం తీశాడు. మూడు పనులు చెప్పాడు. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళను చల్లబరిచి రోజూ మార్చాలి. చల్లటి నీళ్ళలో కల్లుప్పు కలిపి, అందులో పది నిమిషాలు ఉంచి తీయాలి. నాటు బాదం ఆకు ఎండినది తొట్టిలో వేయాలి. "ఇది గట్టి ప్రాణమే. కాలు తెగినా రెండు నెలల్లో మళ్ళీ మొలుస్తుంది. అయితే జబ్బు లోపలికి దిగితే మాత్రం మన చేతిలో ఉండదు" అన్నాడు.

తవిటమ్మ మూడు పనులూ చేసింది. పక్క ఊరి నుంచి ఐసు మోయించింది. ఉప్పు నీళ్ళలో ఉంచినంతసేపూ గడియారం చూడక, తన ఊపిరి తానే ఎంచుకుంటూ కూర్చుంది. మూడు రోజులు గడిచినా బూజు తగ్గలేదు.

పక్క వీధి గురువులమ్మ వచ్చి చూసింది. ఆవిడ నోరు కొంచెం పెద్దది, మనసు ఇంకొంచెం పెద్దది.

"ఓలమ్మో, బల్లికి ఇంత సేవా! నీ మొగుడికి కూడా ఇంత చెయ్యలేదే నువ్వు" అంది.

"ఆయన ఇంత బుద్ధిగా నా మాట విన్నాడేటి?" అంది తవిటమ్మ.

గురువులమ్మ నవ్వి, ఆ తర్వాత నవ్వు ఆపేసింది. "ఒక మాట చెప్పనా వదినా. నిన్ను బతికించినది ఏ డాక్టరు? తవుడు కాదా?"

అది నిజమే తల్లీ. తవిటమ్మ కంటే ముందు వాళ్ళమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగో బిడ్డ పుట్టగానే వాళ్ళమ్మ చేటలో పడుకోబెట్టి గుమ్మంలో ఉంచి, తవుడుకు అమ్మేసింది. దారిన పోయే ఒక ముసలమ్మ గుప్పెడు తవుడు పోసి కొనుక్కుంది. కొనుక్కుని, "నా పిల్లను నీ దగ్గర పెంచి పెట్టు" అని వెళ్ళిపోయింది. చావు వచ్చి చూస్తే ఆ ఇంట్లో ఆ ఇంటి బిడ్డ లేదు. పరాయి బిడ్డ ఉంది. ఇల్లు పొరబడ్డాననుకుని చావు వెనుదిరిగిపోయింది. అలా బతికిన పిల్ల కాబట్టి తవిటమ్మ అన్నారు.

"రేపు మిట్టమధ్యాహ్నం నువ్వు అమ్ము, నేను కొంటాను" అంది గురువులమ్మ. "అమ్మేటప్పుడు ముఖం లోపలి గోడవైపు పెట్టుకో. కొన్నవాళ్ళ ముఖం చూడకూడదు. తెలుసు కదా?"

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చింది. నీడలన్నీ మనుషుల కాళ్ళ కిందికి దూరిపోయిన వేళ. తవిటమ్మ గుమ్మంలో చేట పెట్టింది. చేట పక్కన తొట్టి పెట్టింది. గోడవైపు తిరిగి నిలబడింది.

"పనికిమాలిన పిల్ల. ఎవరైనా కొంటారా?" అని మొదటిసారి పిలిచింది. వీధిలో కాకులు అరుపు ఆపాయి.

"పారేసే పిల్ల. ఎవరైనా కొంటారా?" అని రెండోసారి పిలిచింది. ఎండలోంచి చల్లటి గాలి వచ్చి ఆమె మడమలకు తగిలింది.

"తవుడు చాలు. ఎవరైనా కొంటారా?" అని మూడోసారి పిలిచింది.

"నేను కొంటాను" అని ఒక గొంతు అంది.

చేటలో తవుడు రాలిన చప్పుడైంది. "నా పిల్లను నీ దగ్గర పెంచి పెట్టు. మూడో రోజు వస్తాను" అంది ఆ గొంతు. గురువులమ్మ గొంతు మార్చి భలే మాట్లాడిందని తవిటమ్మ అనుకుంది. కాసేపు ఆగి గోడ నుంచి ఇటు తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు.

అప్పుడు వీధి మలుపులోంచి గురువులమ్మ రొప్పుతూ వచ్చింది. "బేగి రాలేకపోయాను వదినా. సరిగ్గా బయల్దేరేసరికి గ్యాసు బండ వచ్చింది. ఇంకా మొదలెట్టలేదు కదా?"

తవిటమ్మ చేటవైపు చెయ్యి చూపింది. ఇద్దరూ చేటలోకి చూశారు. అందులో ఉన్నది మిల్లు తవుడు కాదు. రోకలితో దంచిన ముతక తవుడు. ఆ ఊళ్ళో వడ్లు దంచే రోలు ఎవరింట్లోనూ లేక ముప్పై ఏళ్ళయింది. తవిటమ్మ వేలితో ముట్టుకుంది. ఏళ్ళ తరబడి ఐసు మోసిన ఆ వేలికే అది చల్లగా తగిలింది.

గురువులమ్మ నెమ్మదిగా గుమ్మంలో కూలబడింది. "నిన్ను కొన్న ముసలమ్మకు నీ పెళ్ళిలో చీర పెట్టి, మీ అమ్మ నిన్ను విడిపించుకుందా?"

"అప్పటికే ఆ ముసలమ్మ పోయింది కదా" అంది తవిటమ్మ.

"ఎంత పని చేశామే! నువ్వింకా ఆవిడ సొత్తువే. అమ్ముడుపోయిన మనిషి ఇంకొకదాన్ని అమ్మకూడదు. నీది ఏది అమ్మినా ఆవిడకే చేరుతుంది."

ఇద్దరూ తొట్టివైపు చూశారు. రేకమ్మ నిటారుగా నీటి అడుగున నిలబడి ఉంది. బూజు తెర ఊడి పక్కన పడి ఉంది. సాయంత్రానికి మొప్పలు ఎర్రబడ్డాయి. మర్నాటికి వానపామును అందుకుంది. జబ్బు తగ్గినందుకు సంతోషించాలో, ఎవరి వల్ల తగ్గిందో తలుచుకుని భయపడాలో తవిటమ్మకు తెలియలేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం కాకులు అరుపు ఆపాయి. తవిటమ్మ గోడవైపు తిరిగింది.

"పిల్ల బాగుందా?" అంది గొంతు.

"బాగుంది."

"అయితే తీసుకెళ్తాను. ఇది రాకపోతే పాత పిల్లవి నువ్వు వస్తావు. నాకు ఎవరైనా ఒకటే."

తవిటమ్మ గోడకు అరచేతులు ఆనించింది. మాట వణకనివ్వలేదు. "ఒక్కసారే అంతా తీసుకెళ్తే నీకు మళ్ళీ ఈ గుమ్మానికి రావడానికి పనేముంటుంది? రెండు నెలలకోసారి వచ్చి, సారికి ఒక కాలు తీసుకెళ్ళు. నాలుగు కాళ్ళూ పోయి, నువ్వు వచ్చేసరికి ఒక్కటీ లేకుండా ఉన్న రోజున, మేమిద్దరం నీ వెంట వచ్చేస్తాం."

"సరే" అంది గొంతు. ఆ తర్వాత నీళ్ళు కదిలిన చప్పుడు. తవిటమ్మ ఇటు తిరిగేసరికి రేకమ్మకు మూడు కాళ్ళే ఉన్నాయి. అప్పుడు కూడా అది నవ్వుతూనే ఉంది. నీళ్ళలో నెత్తురు చుక్క లేదు.

తవిటమ్మ నీళ్ళు మార్చింది, ఉప్పు కలిపింది, బాదం ఆకు వేసింది. మొదట కాలు చోట చిన్న మొగ్గ లేచింది. ఆ తర్వాత మొగ్గ సాగింది. ఆ తర్వాత గోరింటాకు పెట్టుకోవచ్చనిపించేటంత ముచ్చటగా నాలుగు వేళ్ళు విచ్చుకున్నాయి.

రెండు నెలలకు ముసలమ్మ రెండో కాలు కోసం వచ్చింది. "ఇదేటి, ఇంకా నాలుగు ఉన్నాయి?" అంది.

"నువ్వు తీసుకెళ్ళింది నీ దగ్గరే ఉంది కదా?" అంది తవిటమ్మ.

"ఉంది."

"మరి నన్ను అడుగుతావేం?"

ముసలమ్మ గొణుక్కుంటూ ఇంకో కాలు పట్టుకుపోయింది. అదీ మొలిచింది.

ఇంకో రెండు నెలలకు మూడో కాలు కోసం వచ్చింది. ఈసారి నీళ్ళు కదలలేదు. గుమ్మం మీద ఎవరో కూర్చున్న చప్పుడైంది. చీర కుచ్చిళ్ళు నేలకు రాసుకున్న చప్పుడు.

"నేను వట్టి వెర్రిదాన్ననుకున్నావేటే?" అంది గొంతు. "మొదటిసారే తెలుసు. అయినా వచ్చాను. నేను ఉన్న చోట ఏం అడిగినా ఎవరూ బదులు పలకరు."

రెప్ప వేయని ముఖం ముందు తాను కబుర్లు చెప్పుకున్న సాయంత్రాలన్నీ తవిటమ్మకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"పిల్లను ఉంచుకో. నువ్వు కూడా ఉండు" అంది ముసలమ్మ. "ఇన్నేళ్ళలో నా పిల్ల నా ముఖం ఒక్కసారీ చూడలేదు. ఇటు తిరుగు. అంతే నేను అడిగేది."

చూడకూడదని తవిటమ్మకు తెలుసు. తొట్టిలో రేకమ్మ నాలుగు కాళ్ళతో అంచుకు వచ్చి గాజుకు ముఖం ఆనించింది. తవిటమ్మ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. తలెత్తి చూసింది.

ఆ తర్వాత ముసలమ్మ మళ్ళీ రాలేదు. రేకమ్మ ఇంకా చాలా ఏళ్ళు బతికింది, పిల్లగానే బతికింది. తవిటమ్మ కూడా బతికింది. ఆ రోజు నుంచి మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి గుమ్మంలో ఒక పీట వేసి, తాను ఎదురుగా కూర్చునేది. పీట మీద ఎవరూ ఉండేవారు కాదు. ఆమె మాత్రం ఎదురుగా ఎవరో ఉన్నట్టే కబుర్లు చెప్పేది.

నిజం చెప్పాలి తల్లీ. ఒకటి దాటేశాను. తవిటమ్మ తిరిగి చూసినప్పుడు ఆ ముఖం ఎలా ఉందో రైల్లో ఆవిడ నాకు చెప్పింది. అప్పుడు నేను కునకలేదు, పూర్తిగా విన్నాను. నీకు మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. ఆ ముఖం గురించి విన్న దగ్గర్నుంచి నేను గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాను. నువ్వు ఇంకా ఎటు తిరిగైనా హాయిగా నిద్రపోవాలి.

కథేమో కంచి బాట పట్టె,
కన్నేమో కునుకు మూట కట్టె.
చల్లని నీళ్ళలో రేకమ్మ,
వెచ్చని ఒళ్ళో నువ్వమ్మ.
గుమ్మం దాటి వెళ్ళింది కథ,
గడియ పెట్టి పడుకుందాం పద.