కప్పు ఒప్పని వాగీశ్వరి

పూర్వం బయ్యభూపాలుడనే ధర్మప్రభువు, నేడు మనం బయలుకొండ అని పిలుచుకుంటున్న ఈ గుట్టమీద వాగీశ్వరీదేవికి నల్లరాతి ఆలయం కట్టించ సంకల్పించి, ప్రతిష్ఠనాడు అమ్మవారి సన్నిధిలో చదివేందుకు ఒక వసంతకావ్యం రచించవలసిందని ఆస్థానకవి ముమ్మడిభట్టును వేడుకున్నాడు. ముమ్మడిభట్టు సామాన్యుడు కాడు, నోరు తెరిస్తే పద్యమే. అయితే తలుపులు బిగించుకుంటే తప్ప కవిత్వం రాదని ఆ మహానుభావుడి నమ్మకం. గాలికి తాటాకులు చెదురుతాయనీ, పిట్టల గోలకు ధార తెగుతుందనీ కిటికీలకు చాపలు కట్టించి, పట్టపగలు ఆముదపు దీపం పెట్టుకుని వసంతాన్ని వర్ణిస్తూ కూర్చునేవాడు!

"ఏమండీ, వసంతం వీధి గుమ్మందాకా వచ్చి మిమ్మల్ని అడిగి వెళ్ళింది. తలుపు తీయలేదని చిన్నబుచ్చుకుంది కూడానూ" అని ఇల్లాలు సూరాంబ వేళాకోళమాడేది.

"నువ్వూరుకోవే! పెద్దలు వర్ణించిన వసంతమంతా నాకు కంఠతా వచ్చు" అని ఆయన లోపలినుంచే గసిరేవాడు.

ఆ సీమలో ఒక ఆచారముంది. ప్రతిష్ఠకు ముందురోజు కావ్యాన్ని గర్భాలయంలో దీపం ఎదుట చదవాలి. దీపం నిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఫాల్గుణ శుద్ధ చవితినాడు రాజూ ప్రజలూ చూస్తుండగా ముమ్మడిభట్టు కంఠమెత్తాడు. మొదటి పద్యం ముగియకముందే, గాలన్నది లేని ఆ వేళ, దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆరింది. కవి మొహాన నెత్తురుచుక్క లేదు. అభిమానం పొంగి, "రేపు ముహూర్తం వేళకు అమ్మ మెచ్చే కవిత చెప్పలేకపోతే ఈ జన్మలో మళ్ళీ గంటం పట్టను" అని శపథం చేశాడు. తాటాకుమీద అక్షరం గీసే ఆ ఇనుప గంటమే ఆయన ప్రాణమని ఎరిగిన సూరాంబ గుండె జల్లుమంది.

మరునాడు తెల్లవారగానే ఆయన ఆలయానికి వచ్చి చూస్తే, లోపల కూర్చునే చోటే లేదు. పనివారు పైకప్పు బండలు ఎక్కిస్తూ కేకలు పెడుతున్నారు. గత్యంతరం లేక ఎదుటి కడిమిచెట్టు కింద, బయటి బండమీద చతికిలబడి, దీపం తిప్పికొట్టిన పద్యాన్ని దిద్దుదామని పాత ఆకు తీశాడు. 'విరగబూసిన కడిమి' అని అందులో ఉంది. తలెత్తి చూశాడు. చెట్టున ఒక్క పువ్వు లేదు! ఎలా ఉంటుంది? కడిమి పూచేది వానాకాలంలో. వినసొంపుగా ఉందని పాత కావ్యాలనుంచి తెచ్చి మామిడిపూత పక్కన కూర్చోబెట్టింది తానే. ముమ్మడిభట్టుకు సిగ్గు ముంచుకొచ్చింది, ఆ వెనుకే నవ్వు తన్నుకొచ్చింది. పాత ఆకు పక్కకు విసిరేశాడు.

ఇక ఆ ఉదయం చూడాలి! కోకిల కూసి ఆగితే, ఆ ఆగినచోటే పాదం విరిగింది. గాలి ఆకును ఎగరేస్తే మోకాలు అదిమిపెట్టి రాశాడు. చీమ అడ్డొస్తే అది దాటేదాకా ఆగాడు, ఆ ఆగుటలోనే ఎంత వెతికినా దొరకని మాట దొరికింది! పక్కనున్న మోదుగచెట్టు పూలు రాల్చింది. అక్షరాలు కనబడేందుకు పులమవలసిన మసి ఇంటివద్దే మరిచిపోయాడు కనుక, ఆ పూలనే నలిపి పులిమాడు. గీసిన గీతలన్నీ ఎర్రగా వెలిగాయి. ఇన్నేళ్ళూ ఈ సంతోషాన్ని తలుపవతల నిలబెట్టానా అని ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

చద్ది తెచ్చిన సూరాంబ ఆ మొహం చూసి, "ఏం చూశారండీ?" అంది. జవాబుగా ఆయన పద్యమే చదివాడు. చదువుతూనే ఆలయంలోకి నడిచాడు. నిన్న ఆరిన దీపం, కప్పు పూర్తికాని ఆ గర్భాలయంలో, కొండగాలి ఈలవేస్తున్నా నిటారుగా నిలిచి వెలిగింది! జనం హర్షధ్వానాలతో కొండ మారుమోగింది.

రాజు పరమానందంతో చివరి బండను ఎత్తించి గర్భాలయం మీద వేయమన్నాడు. మోకులు సడలి ఆ బండ ఎవరికీ గోరంత దెబ్బ తగలకుండా జారి, కవి కూర్చున్న చోటనే వచ్చి కుదురుకుంది. మళ్ళీ ఎత్తిస్తే మళ్ళీ అక్కడికే. బయ్యభూపాలుడు చేతులు జోడించి, "కవీశ్వరా, తల్లికి నాలుగు గోడల కవిత్వమే కాదు, కప్పు కూడా గిట్టదు. ఆకాశమే చాలునట" అన్నాడు. ముమ్మడిభట్టు బతికినన్నాళ్ళూ గంటం వదల్లేదు, మళ్ళీ తలుపు మూసి రాయనూ లేదు.

కనుకనే బయలుకొండ వాగీశ్వరికి నేటికీ కప్పు లేదు. జారిన బండ మోదుగచెట్టు పక్కన అలాగే ఉంది. పిల్లలకు అక్షరాభ్యాసం దానిమీదే చేస్తారు. ఏటా ఫాల్గుణ పంచమినాడు రాయాలనే కోరికగలవారు వచ్చి ఆ బండచుట్టూ కూర్చుని, ఎర్రని మోదుగరసంతో తోచింది రాస్తారు. రాసి సన్నిధికి వెళితే పూజారి వెంటనే తీర్థమివ్వడు. "ఏం చూశావు?" అని సూరాంబ అడిగిన మాటే అడుగుతాడు. చెప్పగలిగినవాడి చేతిలో తీర్థం పడుతుంది. నీళ్ళు నమిలేవాడు ఎంత పండితుడైనా సరే, "బయటికి వెళ్ళి చూసి రా నాయనా, అమ్మ ఎక్కడికీ పోదు" అంటాడు.